మగ్గానికి మొలిచిన రెప్పలు

బండారులంకలో మగ్గం నేసుకునే గంగాభవానికి సొంత చెల్లెలు తులసి ద్రోహం చేసింది. రెండువేల ఇరవై అయిదు, ఫిబ్రవరి ఆరో తారీఖు, గురువారం, పగలు పదకొండున్నరకి. గంగాభవాని రెప్పల ఆపరేషను చేయించుకుని అప్పటికి మూడు రోజులు. తరవాత ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకున్నారు. అక్కాచెల్లెళ్ళన్నాక ఇలాంటివి ఉంటాయి లెద్దురూ అని సర్దేసిన పెద్దమనుషులూ ఉన్నారు. సర్దడానికి వాళ్ళదేం పోయింది!

గంగాభవానికి నలభై ఎనిమిదేళ్ళు. పన్నెండో ఏట మగ్గం గుంటలో కాళ్ళు పెట్టింది. పొద్దున్నే వాకిలి చిమ్మి, టీ తాగి, ఎనిమిదింటికల్లా గుంటలోకి దిగడం. ఒంటిగంటకి లేచి అన్నం తినడం. మళ్ళీ దిగడం. మొగుడు సత్యదుర్గారావు కువైట్లో డ్రైవరు. రెండేళ్ళకోసారి వచ్చి, నెల్లాళ్ళు ఉండి, మగ్గం చప్పుడికి నిద్ర పట్టడంలేదని సణిగి వెళ్ళిపోయేవాడు. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ మగ్గం ఇల్లు. తల్లి పోతూ పోతూ కొబ్బరితోట చిన్నదానికీ, మగ్గం ఇల్లు పెద్దదానికీ రాసి పోయింది. అప్పట్లో ఎవరూ కాదనలేదు.

ముప్పయ్యారేళ్ళు దారాల వంక కళ్ళు చిట్లించి చూసేసరికి గంగాభవాని పై రెప్పలు రెండూ జారిపోయేయి. సగం దించిన కొట్టు షట్టరులాగా కళ్ళకి అడ్డం పడిపోయేయి. పోగు ఎక్కడ తెగిందో చూడాలంటే గడ్డం పైకెత్తాలి. సాయంత్రమయ్యేసరికి నుదురు పీకేసేది. కాకినాడ కంటి డాక్టరు గారు చూసి, ఎక్కువైన చర్మం కోసి తీసేస్తే చూపు తెరుచుకుంటుందన్నారు.

పక్కింటి పెద్దింట్లమ్మ గారు బుగ్గలు నొక్కుకున్నారు. "ఈ వయసులో సోకులేటే బవానీ? సినిమాల్లో చేరతావా?"

"ఆయ్, చేరతానండి పిన్నిగారూ. మీకూ గయ్యాళి అత్తగారి వేషం ఇప్పిస్తాను. మీకు మేకప్పు ఖర్చు కూడా ఉండదు."

ఫిబ్రవరి మూడున ఆపరేషను. రెప్పలకే మత్తు సూది ఇచ్చేరు. మెలకువగానే ఉంది. కత్తెర చప్పుడు వినిపించింది గానీ నొప్పి తెలీలేదు. అయ్యేక స్టెల్లా అనే నర్సమ్మ పక్కన కూర్చుని చెప్పింది. ఆవిడ చెప్పే తీరు బళ్ళో ఎక్కాలు చెప్పినట్టుంది.

"రెండు రోజులు గంటకోసారి చల్లగుడ్డ వెయ్యాలండి. ఐసు తిన్నగా పెట్టకండి, గుడ్డలో చుట్టి. తల ఎత్తులో పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. వంగడం, బరువెత్తడం, పొయ్యి పొగ, ఏవీ కుదరవు. ఆయింటుమెంటు రాసినంతసేపూ అంతా మసగ్గా ఉంటుంది, కంగారు పడకండి. మొహం కములుతుంది. ముందు నీలం, తరవాత ఆకుపచ్చ, ఆ తరవాత పసుపు, అప్పుడు పోతుంది. ఏడో రోజున కుట్లు తీస్తారు. రెప్పలు కొన్నాళ్ళు పూర్తిగా మూతపడవు, నిద్రలో కూడా కొంచెం తెరుచుకునే ఉంటాయి. అందుకని నెల్లాళ్ళు చుక్కలు మానకూడదు. ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది అనిపిస్తే అద్దాన్ని తిట్టండి, డాక్టరు గారిని తిట్టకండి. వాపు తగ్గేక సమానమవుతాయి. విపరీతంగా నొప్పొచ్చినా, చూపు తగ్గినా మాత్రం ఆ క్షణమే వచ్చెయ్యండి."

"మగ్గమండీ?"

"మూడు వారాల దాకా ఆ మాటెత్తకండి."

అని, దూదిలో చుట్టిన చిన్న పొట్లం చేతిలో పెట్టింది. కోసిన చర్మం. రెండు సన్నటి చీలికలు, తామరరేకు అంచుల్లాగా. "నేసేవాళ్ళవి నేసేవాళ్ళకే ఇచ్చేస్తామండి" అంది స్టెల్లా. గంగాభవాని పుచ్చుకుంది. వాళ్ళిళ్ళల్లో నేసే మనిషి ఒంటి నించి ఏది వేరయినా, బొడ్డుతాడు దగ్గర్నించి, మగ్గం గుంటలోనే కప్పెడతారు.

కప్పెట్టింది తులసే. అక్కకి ఆపరేషనని తెలియగానే ఓడలరేవు నించి సంచీ సర్దుకుని వచ్చేసింది. "నేనుండగా పరాయివాళ్ళ చేత చేయించుకుంటావా?" అని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. తులసి మొగుడు చిట్టిబాబుది రొయ్యల చెరువుల వ్యాపారం. కొబ్బరితోట ఎప్పుడో ఆ చెరువుల్లో కలిసిపోయింది.

చెల్లెలు బాగానే చూసింది. ఉన్నమాట చెప్పుకోవాలి. మగ్గం గదిలో చల్లగా ఉంటుందని అక్కడే మంచం వేసింది. మూడు తలగడలు ఎత్తు పెట్టింది. గంటగంటకీ చల్లగుడ్డ మార్చింది. మెత్తగా చారన్నం కలిపి ముద్దలు పెట్టింది. కుట్ల మీద నీళ్ళు పడకుండా తడిగుడ్డతో మెడదాకా తుడిచేది, జడ వేసేది. అమ్మ పోయేక తనకి జడ వేసిన చెయ్యి అదే కదా అని గంగాభవాని మనసు కరిగిపోయింది.

మూడోనాడు పొద్దున్నకి మగ్గానికి కళ్ళొచ్చేయి. ముందు దూలం మీద, నేసే మనిషికి ఎదురుగా, రెండు. గంగాభవానికి వాచినట్టే వాటికీ రెప్పలు వాచి ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. తులసి అక్కకి తుడిచిన చేత్తోనే వాటికీ తుడిచింది. పెద్దింట్లమ్మ గారు చారుగిన్నె పట్టుకొచ్చి, ఇద్దరినీ ఎగాదిగా చూసి, "దానికి కూడా ఎండ తగలనియ్యకండే, కిటికీ మూసెయ్యండి" అని చెప్పి వెళ్ళేరు.

ఆ రోజే గురువారం.

అప్పుడే ఆయింటుమెంటు రాసింది తులసి. మామూలు కన్నా రెండింతలు రాసింది. గంగాభవానికి ఎదురుగా ఉన్నదంతా గంజిలో ముంచిన గుడ్డలా ఉంది. గదిలో రొయ్యల మేత వాసనేసింది.

"ఎవరే వచ్చింది?"

"ఎవరూ లేరక్కా. నా సంచీ వాసన. ఎన్నిసార్లు ఉతికినా పోదు." తులసి ఏదో దులిపినట్టు చప్పుడైంది. "మగ్గం కళ్ళల్లో దుమ్ము పడుతోంది, తువ్వాలు కప్పుతున్నాను."

చూసేవా, నా చెల్లెలికి మగ్గమ్మీద కూడా ఎంత శ్రద్ధో, అనుకుంది గంగాభవాని. అలా అనుకున్నందుకు తరవాత తనని తాను తిట్టుకున్న తిట్లు రాయడానికి ఈ కాయితం పనికిరాదు.

"అక్కా, ఆసుపత్రి వాళ్ళ కాయితాలు. ఆపరేషను సర్కారు కార్డు మీద చేసేరు కదా, ఇవాళ పంపకపోతే కుట్లు తియ్యరంట. ఇక్కడ పెట్టు సంతకం."

"చదవవే."

"ఏముంటుందక్కా, నీ పేరు, నీ వయసు, ఏ కన్ను అని. చదివేసరికి ఆయింటుమెంటు ఆరిపోతుంది. ఇదిగో, నా వేలున్న చోట."

తులసి వేలు చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. ఆరు చోట్ల. వేలిముద్ర కూడా వేసింది. సిరా తులసే తుడిచింది, గోరు సందుల్లో కూడా లేకుండా. మేత వాసన కాసేపటికి పోయింది.

తరవాత రోజులు స్టెల్లా చెప్పినట్టే గడిచేయి. నాలుగోనాటికి మొహం నేరేడుపండు రంగుకొచ్చి బుగ్గల మీదకి దిగింది. కువైట్ నించి సత్యదుర్గారావు వీడియో కాల్ చేసి, "ఎవరండీ మీరు, మా ఆవిడ్ని పిలవండి" అన్నాడు. ఎవరు కొట్టేరో చెప్పమని దారినపోయేవాళ్ళు కూడా అడిగేరు. వారానికి ఆకుపచ్చ. కుట్లు తీసినప్పుడు చీమ కుట్టినట్టు చురుక్కుమంది, అంతే. పదోనాటికి పసుపు. కుడికన్ను ఎడమకన్ను కన్నా పెద్దగా ఉందని గంగాభవాని అద్దాన్ని తిట్టింది. మగ్గం కళ్ళూ ఈ రంగులన్నీ తిరిగేయి. తువ్వాలు గురువారం సాయంత్రమే తీసేసింది తులసి. ఇంక అవసరం ఏముంది?

చుక్కలు మాత్రం మానలేదు. రోజుకి నాలుగుసార్లు, సెల్లులో అలారం పెట్టుకుని మరీ వేసేది. "సోమవారం అమలాపురంలో ఆఫీసుకి వెళ్ళాలక్కా, కార్డుకి వేలిముద్ర పడాలంట" అని మార్చి మొదటి వారంలో చెప్పింది. అప్పటికి గంగాభవానికి నిజం తెలిసి అయిదు రోజులు.

ఎలా తెలిసిందంటే, మూడు వారాలు నిండేక, ఇరవై నాలుగున, మళ్ళీ గుంటలోకి దిగింది. రోజుకి గంట చొప్పునే నేయాలని డాక్టరు గారి మాట. మగ్గం మీద సగం నేసిన తెల్ల చీర ఉంది. నిలువు పోగుల పడుగు తెలుపు, నాడెలో పెట్టిన అడ్డపోగు పేకా తెలుపే. కళ్ళెదుట ప్రతి పోగూ విడివిడిగా, అంత స్పష్టంగా కనిపించేసరికి నవ్వొచ్చింది. నాడె విసిరింది. కాలు తొక్కింది. మళ్ళీ విసిరింది.

నేస్తున్నది తెలుపు, వస్తున్నది తెలుపు కాదు.

మొదట నీలం చారొకటి వచ్చింది. అది మంచం కోడయింది. గంగాభవాని నాడె ఆపి మగ్గం కళ్ళల్లోకి చూసింది. అవి రెప్ప వాల్చలేదు. సరే కానీమని విసిరింది. బొమ్మ కింద నించి పైకి నేతపడుతుంది కాబట్టి ముందు కాళ్ళొస్తాయి. రెండోనాడు రెండు పాదాలొచ్చేయి, ఆకుపచ్చగా. వాటి మట్టెలు చూసింది. ఎడమకాలి మట్టె విరిగితే తీగ చుట్టి వేసుకుంటుంది తులసి. ఆ తీగ కూడా పడింది. వాటి పక్కన ఇంకో రెండు పాదాలు, మగవి, చెప్పులతో సహా. మగ్గం గదిలోకి చెప్పులేసుకుని వచ్చే మనిషి వాళ్ళ చుట్టాల్లో ఒక్కడే ఉన్నాడు.

ఎవరూ లేరక్కా, నా సంచీ వాసన.

గంగాభవాని నాడె ఆపింది. అక్కడితో ఆపెయ్యొచ్చు. పోగు కత్తిరించేసి, దారం పాడైందని చెప్పి చుట్టి అటకెక్కించొచ్చు. కానీ మనసు ఇంకా సాకులు వెతుకుతోంది. ఏదో పనిమీద వచ్చి ఉంటాడు, ఆడమనిషి పడుకుని ఉందని మొహమాటపడి చెప్పకుండా వెళ్ళిపోయి ఉంటాడు. అలా సర్దిచెప్పుకుంటూనే నాడె విసిరింది. మూడోనాడు చేతులొచ్చేయి. కలం పట్టుకున్న తన చెయ్యి, దాన్ని పట్టుకుని నడిపిస్తున్న చెల్లెలి చెయ్యి, వాటి కింద కాయితం. కాయితం మీద అక్షరాలు. పసుపు రంగులో, చీమంత చిన్నవి, కానీ తన కొత్త కళ్ళకి ఒక్కటీ తప్పిపోలేదు. దాన సెటిల్‌మెంటు దస్తావేజు. నా సొంత ఇష్టపూర్వకంగా. నా చెల్లెలి మీద గల ప్రేమాభిమానముల చేత. మగ్గం ఇల్లు, స్థలం, హద్దులతో సహా.

కళ్ళు మూసుకుందామనుకుంది. రెప్పలు పూర్తిగా మూతపడలేదు. ఆ సందులోంచి అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి.

"అక్కా, చుక్కల వేళయింది" అంటూ వచ్చింది తులసి. నేసిన బట్టని అప్పటికే ముందున్న చుట్టుకర్ర దోనెకి చుట్టేసింది గంగాభవాని. పైకి కనిపించేది రెండు వేళ్ళ మేర మాత్రం. తల వెనక్కి వాల్చింది. తులసి కింద రెప్ప లాగి, ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేసి, చెంగుతో చెంప తుడిచింది. ఆ చెయ్యి ఎంత మెత్తగా ఉందో! దొంగచెయ్యి గరుగ్గా ఉంటే ఎంత బావుండేది, అనుకుంది.

నాలుగోనాడు మొహాలొచ్చేయి. చిట్టిబాబు తలుపు వంక చూస్తున్నాడు. తులసి అక్క మొహం వంక చూస్తోంది. ఆ మొహంలో భయం ఉంది, జాలి ఉంది, తొందర ఉంది. సిగ్గు మాత్రం లేదు. అడుగుపోగు నించి చూరు దాకా మగ్గం ఒక్కటీ వదల్లేదు. ఆ ముగ్గురూ తప్ప అక్కడ నాలుగో మనిషి లేడని కూడా చెప్పినట్టే, మిగతా గదంతా ఖాళీగా తెల్లగా వదిలేసింది.

మార్చి పదిన సోమవారం. గంగాభవాని ఆ చీర మడిచి సంచీలో పెట్టుకుంది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆటో ఎక్కేరు. రిజిస్ట్రేషను ఆఫీసు మెట్ల మీద చిట్టిబాబు ఎదురొచ్చేడు.

"రండి వదినగారండీ. కళ్ళు బాగా వచ్చేయండి మీకు!"

"వచ్చేయి మరిదిగారూ. మీ చెప్పులు కూడా కనిపిస్తున్నాయి."

సబ్ రిజిస్ట్రారు మాధవీలత గారు దస్తావేజు ముందు పెట్టుకుని కూర్చున్నారు. "గంగాభవాని గారాండీ? ఈ సంతకం మీదేనా?"

"చెయ్యి నాదేనండి. ఆ పూట కన్ను నాది కాదండి. ఆపరేషనయి మూడు రోజులు, కంటినిండా ఆయింటుమెంటు. ఆసుపత్రి కాయితమన్నారండి. చదవమంటే చదవలేదండి. నా ఇల్లు నేనెవరికీ రాయలేదండి."

చిట్టిబాబు నవ్వేడు. "మందుల మత్తండి మేడమ్. మర్చిపోతున్నారండి."

గంగాభవాని చీర తీసి బల్ల మీద పరిచింది. దస్తరాలు పక్కకి జరిపి మాధవీలత గారు కూడా ఓ చెయ్యి వేసేరు. కళ్ళజోడు పెట్టుకుని, పాదాల దగ్గర్నించి మొహాల దాకా చూసేరు. దస్తావేజు తీసి చీర మీది అక్షరాల పక్కన పెట్టుకుని వరసలు పోల్చేరు. "నాలుగో వరసలో కొట్టివేత కూడా పడిందండి" అన్నారు మెచ్చుకుంటున్నట్టు. "మగ్గానికి ఏదైనా అడ్డం కప్పేరా ఆ పూట?"

"తువ్వాలు కప్పేరండి. ఆ మగ్గం మీద నేసిన తువ్వాలే."

"ఆయ్. మరైతే కనిపిస్తుంది." ఆవిడ రాసుకున్నారు.

తులసి మొహం పాలిపోయింది. అంతవరకూ ఆ సంగతి గుర్తేలేదు దానికి.

"పద్దెనిమిదో ఏట మగ్గం దిగిపోయేవు" అంది గంగాభవాని. "మగ్గానికి తన నేత తన కంటికి అడ్డం కాదని మర్చిపోయేవు. నీ ఒంటి మీద నైలాను చీరే కదే ఉంది ఆ రోజు. అది కప్పి ఉంటే ఇవాళ ఇల్లు నీదయ్యేది."

చిట్టిబాబు గొంతు పెరిగింది. "ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టేరండి మేడమ్! గుడ్డముక్క పట్టుకొచ్చి..."

"పెట్టేరండి. ఎదురుగా ఉండి చూసేమని రాసేరు" అన్నారు మాధవీలత గారు. "వాళ్ళు ఈ చీరలో ఎక్కడున్నారో కాస్త చూపించండి."

చిట్టిబాబు చీరంతా వెతికేడు. మంచం కింద కూడా చూసేడు. ఇద్దరు సాక్షుల్లో ఒకడి కాలివేలు కూడా దొరకలేదు.

తులసి అక్క భుజం పట్టుకుంది. "రెండు పంటల రొయ్యలు తెల్లమచ్చ తెగులొచ్చి పోయేయక్కా. రోడ్డు మీది స్థలం, మేత గోడౌను పెట్టుకుంటే నిలదొక్కుకుంటామన్నారు ఈయన. నువ్వు ఇవ్వవని..."

"అడిగేవా?"

తులసి అక్క భుజం మీంచి చెయ్యి తీసేసింది.

"నోరు తెరిచి ఒక్కసారి అడిగేవా? నెల్లాళ్ళు నా పక్కన కూర్చున్నావు. నా కళ్ళు తుడిచేవు, జడ వేసేవు. ముద్దముద్దకీ మధ్య అడగడానికి చోటుందే. ఇచ్చేదాన్నో ఇవ్వనో నాకే తెలీదు. అదీ తెలుసుకోనివ్వలేదు నువ్వు నన్ను. సగం ఇచ్చుండేదాన్నేమో! ఇప్పుడు నీకు జాగా కాదు కదా, నీడ కూడా ఇవ్వను."

అప్పుడు తులసి సంచీలో సెల్లు మోగింది. పన్నెండు గంటల అలారం. తులసి ఆలోచించకుండానే సంచీలో చెయ్యి పెట్టి చుక్కల సీసా తీసింది, మూత తిప్పింది, అక్క గడ్డం కింద చెయ్యి వెయ్యబోయింది. సగంలో తానేం చేస్తోందో తెలిసి, చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

గంగాభవాని ఆ చేతిలోంచి సీసా తీసుకుంది. నెల్లాళ్ళలో తనంతట తాను ఎప్పుడూ వేసుకోలేదు. మొదటి చుక్క ముక్కు మీద పడింది. రెండోది చెంప మీద. మూడోది కంట్లో పడింది. రెండో కంటికి ఒక్కసారికే పడింది. మూత బిగించి సీసా తన సంచీలో వేసుకుంది. తులసి చెంగు పట్టుకుని నిలబడే ఉంది, తుడవడానికి, ఎవరూ తుడవమనలేదు.

మాధవీలత గారు రెండో నంబరు పుస్తకం తెరిచేరు. రిజిస్ట్రేషను చెయ్యని దస్తావేజులకి కారణాలు రాసే పుస్తకమది. రాసినంతసేపూ తల ఎత్తలేదు. రాసేక పైకి చదివి వినిపించేరు, ఒక్కో మాటా విడివిడిగా, గంగాభవాని తలూపేదాకా ఆగి.

దాత గంగాభవాని దస్తావేజు రాసి ఇచ్చినట్టు ఒప్పుకోలేదు. విషయం చదివి వినిపించకుండా సంతకాలు తీసుకున్నట్టు సదరు మగ్గం ద్వారా తెలిసినది. సాక్షులు స్థలమందు లేరు. కావున రిజిస్ట్రేషను నిరాకరించడమైనది. తేదీ 10-03-2025, సోమవారం.